చైతన్యపురి వాటా ఎంత?

తెలంగాణ బడ్జెట్‌తో పాటు ఏటా వెలువడే సామాజిక ఆర్థిక సర్వేలో తలసరి ఆదాయం పట్టిక తీస్తే రంగారెడ్డి జిల్లా అన్నిటికంటే పైన కనిపిస్తుంది. 2022-23లో ఆ జిల్లా తలసరి 9 లక్షల రూపాయలు దాటింది. అప్పటికి రాష్ట్ర సగటు 3 లక్షల పైచిలుకు, పక్కనే ఉన్న హైదరాబాద్ జిల్లాది 5 లక్షల లోపు. చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, ఎల్బీ నగర్ ఈ రంగారెడ్డి జిల్లాలోనివే. ఆ సగటును నమ్మితే, చైతన్యపురి మెట్రో మెట్ల దగ్గర తోపుడుబండి మీద జామకాయలు అమ్ముకునే మనిషి, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు కలిసి ఏడాదికి 36 లక్షల కుటుంబం కావాలి. ఆ బండి పక్కన కాసేపు నిలబడ్డవారికి అసలు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

కారణం పడమటి వైపు ఉంది. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు శేరిలింగంపల్లి మండలం రంగారెడ్డికే వచ్చింది. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ అందులోవే. జిల్లా హద్దుల్లో ఏడాది పొడవునా జరిగిన ఉత్పత్తి విలువను జనాభాతో భాగిస్తే తలసరి వస్తుంది. ఆ విలువలో కంపెనీ లాభాలూ ఉంటాయి, ఎక్కడో ఉన్న వాటాదారులకు చేరే సొమ్మూ ఉంటుంది, పక్క జిల్లాలో కాపురముంటూ ఇక్కడికొచ్చి పనిచేసే ఉద్యోగి జీతమూ ఉంటుంది. గచ్చిబౌలి అద్దాల మేడల్లో పుట్టిన విలువను పాతిక కిలోమీటర్ల అవతల సరూర్‌నగర్ బస్తీల తలల మీద కూడా పంచేస్తే కాగితం మీద అందరూ లక్షాధికారులే.

జాతీయాదాయం లెక్కగట్టే పద్ధతిని తీర్చిదిద్దిన సైమన్ కుజ్‌నెట్స్ ఈ ప్రమాదాన్ని మొదట్లోనే పసిగట్టాడు. 1934లో అమెరికా సెనేట్‌కు ఇచ్చిన నివేదికలోనే, ఈ అంకెను చూసి ఒక దేశం బాగోగులు తేల్చవద్దని హెచ్చరించాడు. 1990లో మహబూబ్ ఉల్ హక్ చొరవతో, అమర్త్య సేన్ తోడ్పాటుతో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచికను తెచ్చింది. ఆదాయంతో పాటు ఆయుర్దాయాన్నీ చదువునూ కలిపి చూడటం అప్పటి నుంచి ప్రపంచానికి అలవాటైంది. మన దగ్గర మాత్రం ఇంకా జిల్లా తలసరి దగ్గరే చప్పట్లు కొడుతున్నాం. సర్వేలో జిల్లా పట్టిక పక్కన మండలాల వారీ పట్టిక ఒకటి వేస్తే శేరిలింగంపల్లికీ సరూర్‌నగర్‌కూ మధ్య దూరం ఎంతో తేలిపోతుంది. ఆ పని చేయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

ఒక మంచానికి అద్దె

దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర దిగి చైతన్యపురి వైపు ఏ సందులోకి తిరిగినా హాస్టల్ బోర్డులే. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫైవ్ షేరింగ్. గదిలోకి వెళ్తే గోడకు ఆనించిన ఇనుప మంచాలు, ఒక్కో మంచం కింద ఒక సూట్‌కేసు, కిటికీ చువ్వలకు కట్టిన తాడు మీద ఆరీ ఆరని బట్టలు. దిండు పక్కన కరెంట్ అఫైర్స్ పుస్తకాల దొంతర. గోడ మీద భారతదేశ పటం, దాని కింద చేత్తో రాసుకున్న టైం టేబుల్. పొద్దున ఉప్మా కోసం స్టీలు పళ్లెం పట్టుకొని వరస, రాత్రి పదికల్లా గేటుకు తాళం, ఆదివారం మధ్యాహ్నం చికెన్. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి వచ్చే బస్సు విజయవాడ హైవే మీదుగా నగరంలోకి అడుగుపెట్టేది ఇటు నుంచే. అందుకే ఆ జిల్లాల పిల్లలకు హైదరాబాద్ అంటే ముందు ఎల్బీ నగర్, తర్వాత దిల్‌సుఖ్‌నగర్. డీఎస్సీ, కానిస్టేబుల్, బ్యాంకు, గ్రూప్స్ కోచింగులు ఒకవైపు, సాఫ్ట్‌వేర్ కోర్సులు మరోవైపు.

ఊళ్లో తండ్రి కౌలు డబ్బో, తల్లి పొదుపు సంఘం అప్పో నెలనెలా ఈ మంచం అద్దెగా మారుతుంది. హాస్టల్ యజమానికీ, మెస్ నడిపేవారికీ, జిరాక్స్ సెంటరుకూ, పక్క సందులో టిఫిన్ బండికీ ఆ డబ్బే ఆధారం. కోచింగ్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. ఉద్యోగం లేని పిల్ల ఉద్యోగం కోసం నేర్చుకునే చదువు మీద సర్కారు పన్ను వసూలు చేస్తోంది. నెలకు 20 వేల లోపు హాస్టల్ అద్దె మీద జీఎస్టీ ఉండదని 2024లో జీఎస్టీ కౌన్సిల్ తేల్చింది, కనీసం మూడు నెలలు ఉంటేనే. ఆ మాత్రం ఊరట దొరికింది. కోచింగ్ మీద మాత్రం పన్ను అలాగే నిలిచింది.

ఇంత ఖర్చు పెట్టి ఎదురు చూసిన పరీక్షల సంగతి చూద్దాం. 2014 జూన్ 2న ఏర్పడిన రాష్ట్రంలో మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ రావడానికి 2022 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. పోస్టులు 503. ఆ అక్టోబర్‌లో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాలు లీకైన సంగతి బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. మెయిన్స్ అయ్యాక ర్యాంకుల మీద మళ్లీ కోర్టు తగాదాలు. చివరికి 2025 సెప్టెంబర్ నెలాఖరున నియామక పత్రాలు చేతికొచ్చాయి, అవీ కోర్టు తుది తీర్పుకు లోబడి. ఈ మూడున్నరేళ్లలో ప్రతి వాయిదా హాస్టల్ పిల్లలకు ఇంకో నెల అద్దె, ఇంకో టెస్ట్ సిరీస్, ఇంటికి ఫోన్ చేసి ఇంకొన్నాళ్లు ఆగమని చెప్పడం. కలిగినవారి పిల్లలు వాయిదాను భరించగలరు. కౌలు రైతు కూతురు మధ్యలోనే మూట సర్దుకుంటుంది. పరీక్షలో ఫెయిలైనవారి లెక్క కమిషన్ దగ్గర ఉంటుంది. పరీక్ష దాకా రాలేక వెనుదిరిగినవారి లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

ఎల్బీ నగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి విగ్రహం ఉంది. 2009 నవంబర్ 29న ఆ యువకుడు ప్రత్యేక తెలంగాణ కోసం అక్కడే ఒంటికి నిప్పంటించుకున్నాడు, డిసెంబర్ 3న ప్రాణాలు విడిచాడు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న ఆకాంక్ష మీద వచ్చిన రాష్ట్రం ఇది. వాటాలో న్యాయం కోసమే ఇక్కడి జనం ఉద్యమించారని, రాష్ట్ర స్థూలోత్పత్తి (జీఎస్‌డీపీ) అంకె కోసం ఎవరూ రోడ్డెక్కలేదని ఆ చౌరస్తా దాటే ప్రతి మంత్రీ గుర్తు పెట్టుకోవాలి.

అడ్డా మీద నిలబడేవారు

తెల్లవారితే ఎల్బీ నగర్ చుట్టుపక్కల అడ్డాల మీద కూలీలు చేరతారు. పాలమూరు నుంచి, దేవరకొండ తండాల నుంచి వచ్చినవారు, ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవారు. తాపీ, గమేళా, పక్కన సద్ది డబ్బా. బేరం కుదిరితే బండెక్కుతారు. పది దాటినా ఎవరూ పిలవకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. వీళ్లు కట్టిన అపార్ట్‌మెంట్లే రియల్ ఎస్టేట్ వృద్ధిగా సర్వే పుస్తకంలోకి ఎక్కుతాయి.

వీళ్ల కోసం 1996లోనే పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. కట్టే ప్రతి పెద్ద భవనం ఖర్చులో 1 శాతం సెస్సుగా వసూలు చేసి, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో జమ చేయాలి. ప్రమాదంలో పోతే కుటుంబానికి సాయం, ఆడపిల్ల పెళ్లికి, కాన్పుకు సాయం ఆ నిధి నుంచే రావాలి. నిధికి కొదవ లేదు. చిక్కంతా గుర్తింపు కార్డు దగ్గర. ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినట్టు రుజువు కావాలి. అడ్డా మీద నిలబడే మనిషికి రోజుకో యజమాని, రోజుకో వీధి. ఎవరు సంతకం పెడతారు? ఒకే బిల్డర్ దగ్గర నికరంగా పనిచేసేవారికి కార్డు సులువు, అసలు అవసరం ఉన్నవారికే కష్టం. సెస్సు వసూలు చేసే చేయి బలంగా ఉండి, పంచే చేయి వణుకుతున్నప్పుడు భవనాలు ఎంత పెరిగినా కూలివాడి బతుకు పెరగదు. కార్మిక శాఖ సిబ్బంది పొద్దున్నే అడ్డా మీదకే వచ్చి పేర్లు రాసుకుంటే ఈ చిక్కు సగం వీడిపోతుంది.

అడ్డా మీద ఆడవాళ్లదీ ఇదే దారి, కాకపోతే కూలి తక్కువ. మేస్త్రీ పని మగవాళ్లది, ఇటుకలూ ఇసుకా మోసే పని ఆడవాళ్లది అన్న పాత విభజన ఇంకా చెక్కుచెదరలేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. హయత్‌నగర్, ఇబ్రహీంపట్నం వైపు నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు ఇళ్లలో పనికి వచ్చే అక్కల రోజు ఖర్చులో బస్సు ఛార్జీ పోయింది. ఉచితాలని ఎద్దేవా చేసేవారు ఒక్కసారి ఆ బస్సెక్కి చూడాలి. దగ్గర్లో దొరికిన తక్కువ జీతం ఇళ్లతో సరిపెట్టుకోకుండా దూరంగా ఉన్న ఎక్కువ జీతం ఇంటిని ఎంచుకునే వీలు ఆ టికెట్‌తో వచ్చింది. పేదవాళ్ల బేరమాడే శక్తి పెరగడం కూడా ఆర్థిక విషయమే.

మెట్రో కథ వేరు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా రైలు వచ్చినప్పుడు తూర్పు హైదరాబాద్‌కు ఒక కిటికీ తెరుచుకుంది. 2019లో హైటెక్ సిటీ దాకా కూడా రైలు వచ్చాక అక్కడికి రెండు గంటల బస్సు యాతన తప్పింది. ఇళ్ల అద్దెలు, స్థలాల ధరలు పెరిగాయి. ఆ పెరుగుదల స్థలం ఉన్నవారికి లాభం, అద్దెకున్నవారికి భారం. 2025 మేలో ఛార్జీలు సవరించాక గరిష్ఠ టికెట్ 60 నుంచి 69 రూపాయలైంది. అంత దూరం నెలకు పాతిక రోజులు పోయి వచ్చేవారికి 3,450 రూపాయలు. సాఫ్ట్‌వేర్ జీతానికి అది లెక్కలోకి రాదు. అదే ఆఫీసులో సెక్యూరిటీగా, హౌస్‌కీపింగ్‌లో పనిచేసేవారికి అది జీతంలో పెద్ద ముక్క. అందుకే వాళ్లు మెట్రో కింద నిలబడి బస్సు కోసం చూస్తారు.

మూసీ ఒడ్డున

చైతన్యపురి ఫణిగిరి కాలనీలో మూసీ ఒడ్డున కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉంది. అక్కడి బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఒక శాసనం ఉంది. విష్ణుకుండినుల కాలానిదని పండితులు తేల్చారు. గోవిందరాజ విహారమనే బౌద్ధ విహారం ఇక్కడ ఉండేదని దాని వల్ల తెలుస్తోంది. హైదరాబాద్ నగరం పుట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందే ఈ ఒడ్డున మనుషులు నిలువ నీడ కట్టుకున్నారన్నమాట. నగరంలో ఇంత పాత శాసనం ఇంకెక్కడా సులువుగా దొరకదు, అయినా దానికి దక్కిన ఆదరణ అంతంతమాత్రమే.

అదే ఒడ్డున 2024 సెప్టెంబర్‌లో అధికారులు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. మూసీ పునరుజ్జీవన ప్రాజెక్టు కోసం నదీగర్భంలో ఉన్న ఇళ్ల సర్వే అది. చైతన్యపురి, కొత్తపేట వైపు కాలనీల వాళ్లు రోడ్డెక్కారు. సర్వే సిబ్బందిని అడ్డుకున్నారు. కొందరు హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకున్నారు. వాళ్లలో చాలామంది కడుపు కట్టుకొని స్థలం కొన్నారు, రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు, బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టారు, ఏటా ఆస్తి పన్ను కట్టారు. ఇన్నేళ్లూ రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకున్నదీ, పన్ను రసీదు ఇచ్చిందీ, కరెంటు మీటరు బిగించిందీ ప్రభుత్వమే. అన్ని చేతులతో తీసుకొని, చివరికి గోడ మీద ఎర్ర రంగు పూస్తే వాళ్లు ఎవరికి చెప్పుకోవాలి?

మూసీ బాగుపడాలి. దాని కంపు పీల్చేది ముందు ఈ ఒడ్డు జనమే, దాని వరదకు మునిగేదీ వాళ్లే. 2020 అక్టోబర్ 13, 14 తేదీల వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్, చైతన్యపురి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పడవల మీద పాల ప్యాకెట్లు పంచాల్సి వచ్చింది. మీర్‌పేట, జిల్లెలగూడ చెరువుల మిగులు నీళ్లు సరూర్‌నగర్ చెరువులోకి, అక్కడి నుంచి నాలాల గుండా మూసీలోకి చేరాలి. పై ఊళ్లలో వెంచర్లు పడేకొద్దీ నేల ఇంకించుకోవడం మాని నీళ్లను కిందికి తోసేసింది, నాలాలేమో ఇరుకైపోయాయి. పైన స్థలం అమ్ముకున్న లాభం ఒకరిదైతే కింద మునక ఇంకొకరిదైంది. ఆ కింద కూడా అందరూ ఒక్కలాగే మునగలేదు. మొదటి అంతస్తు వాళ్ల కారు తడిసింది. సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ కుటుంబానికి బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు, ఆధార్ కార్డులు అన్నీ కొట్టుకుపోయాయి. ప్రభుత్వం ఇంటికి 10 వేలు సాయం ప్రకటించింది. నీళ్లలో పోయినదాన్ని లెక్కగట్టిన రిజిస్టరు మాత్రం ఎక్కడా లేదు. తిరిగి కొన్న టీవీలు, ఫ్రిజ్‌లు, మంచాల అమ్మకాలు ఆ ఏడాది ఆర్థిక వృద్ధిలో కలిశాయి.

అందుకే నది ప్రక్షాళనకు ముందు పునరావాసం లెక్క తేలాలి. పట్టా ఉన్నవారికి 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం, లేనివారికి పని దొరికే దూరంలోనే ఇల్లు. ఇరవై కిలోమీటర్ల అవతల డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇస్తే గోడలు దొరుకుతాయి, కూలి పోతుంది.

పళ్లెంలోకి చేరనిది

ఈ కథలో నన్ను అన్నింటికంటే కలవరపెట్టే అంకె వేరే ఉంది. 2015-16లో తెలంగాణ తలసరి ఆదాయం సుమారు లక్షా 40 వేలు. 2019-20 నాటికి 2 లక్షల 30 వేలకు చేరింది. అదే కాలంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రెండు విడతలు జరిగింది. వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్ల లోపు పిల్లలు నాలుగో సర్వేలో 28 శాతం, ఐదో సర్వేలో 33.1 శాతం. తక్కువ బరువున్నవారు 28.3 నుంచి 31.8కి పెరిగారు. రక్తహీనత ఉన్న పిల్లలు 60.7 నుంచి 70 శాతానికి చేరారు. ఆడవాళ్లలో సగానికి పైగా, 57.6 శాతం మందిలో రక్తం తక్కువ. కరోనా వల్ల అనుకోవడానికీ లేదు, తెలంగాణలో ఐదో సర్వే 2019లోనే పూర్తయింది. రాష్ట్రం ధనవంతమవుతున్న ఏళ్లలోనే పిల్లలు గిడసబారారు.

అదే సర్వేలో కేరళలో గిడసబారిన పిల్లలు 23.4 శాతం, తమిళనాడులో 25 శాతం. తమిళనాడు 1982 నుంచి బడిలో మధ్యాహ్న భోజనాన్ని పట్టుబట్టి నడిపింది, 2022లో ఉదయం టిఫిన్ కూడా మొదలుపెట్టింది. మన తెలుగునేల మీదా 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు ఖజానా ఖాళీ అవుతుందని ఎందరో అన్నారు. ఇవాళ ఏ పార్టీ వచ్చినా ఆ బియ్యం ఆపే ధైర్యం చేయదు. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం మనిషికి 6 కిలోలు ఉచితం. దొడ్డుబియ్యం అమ్ముకొని సన్నబియ్యం కొనుక్కునే బాధ తప్పింది, మంచి పని. కానీ బియ్యంతో కడుపు నిండుతుంది, ఎముక పెరగదు. దానికి పప్పు కావాలి, గుడ్డు, పాలు, ఆకుకూర కావాలి, శుభ్రమైన నీళ్లు కావాలి, అన్నింటికంటే ముందు గర్భిణికి రక్తం కావాలి. దినకూలి ఇంట్లో ధర పెరగగానే మొదట తగ్గేవి సరిగ్గా ఇవే.

అంగన్‌వాడీలో పిల్లల ఎత్తు, బరువు కొలిచి 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కిస్తున్నారు. జీహెచ్‌ఎంసీ 2023 జూన్‌లో వార్డు కార్యాలయాలు తెరిచింది. ఈ రెండింటినీ కలపడం కష్టమా? చైతన్యపురి, సరూర్‌నగర్, గడ్డిఅన్నారం వార్డు ఆఫీసుల గోడ మీద ప్రతి నెలా ఎంతమంది పిల్లలు బరువు తగ్గారో రాయించాలి. ఫ్లైఓవర్ ఎంత పూర్తయిందో శాతాల్లో చెప్పే నాయకులు దీనికీ అలాగే జవాబు చెప్పాలి.

ఎదుగుదల ఈ ప్రాంతానికి చేసిన మేలును తక్కువ చేయలేం. 2007 దాకా ఎల్బీ నగర్, గడ్డిఅన్నారం వేరు వేరు మున్సిపాలిటీలు. నాటి గుంతల రోడ్లు ఇవాళ లేవు. 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి, జ్వరానికి ఆర్‌ఎంపీ దగ్గర అప్పు పెట్టే పని కొంత తగ్గింది. ఐదు రూపాయల భోజనం బండి దగ్గర అడ్డా కూలీ, డీఎస్సీ అభ్యర్థి ఒకే వరసలో నిలబడి అన్నం, కూర, పప్పు తీసుకుంటారు. ఇవన్నీ పన్నుల డబ్బుతో నడిచేవి, పన్నులు ఎదుగుదల నుంచే వస్తాయి. ఆ డబ్బు దారి మళ్లకుండా అడ్డా దాకా, అంగన్‌వాడీ దాకా నడిపించే బాధ్యతే ప్రభుత్వానిది. బజారుకు వదిలేస్తే అది గచ్చిబౌలి దగ్గరే ఆగిపోతుంది.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ సంగతి చెప్పి ముగిస్తాను. 1980ల్లో మోజంజాహీ మార్కెట్ నుంచి ఇక్కడికి వచ్చిన పండ్ల వ్యాపారం ఏళ్ల తరబడి ఇక్కడే సాగింది. వేసవిలో మామిడి లారీలు కొత్తపేట రోడ్డంతా నిండేవి. తెల్లవారుజామునే హమాలీలు మూటలు దింపేవారు, తోపుడుబండ్ల వాళ్లు నడిచొచ్చి సరుకు ఎత్తుకునేవారు. మార్కెట్‌ను బాటసింగారం తరలించి, ఆ స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన చేశారు. తూర్పు హైదరాబాద్‌కు పెద్ద సర్కారు దవాఖాన కావాలి, ఇందులో రెండో మాట లేదు. నిమ్స్‌కో ఉస్మానియాకో పరుగెత్తే బాధ తీరుతుంది. కానీ నడిచి పనికి వెళ్లే హమాలీకి, నడిచి సరుకు తెచ్చుకునే బండివాడికి ఆ తరలింపు రోజూ ఆటో ఖర్చుగా మిగిలింది. టిమ్స్‌లో హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, వార్డు బాయ్, క్యాంటీన్ పనులకు వందల మంది కావాల్సి వస్తుంది. ఆ నేల మీద మూడు దశాబ్దాలకు పైగా మూటలు మోసినవారి ఇళ్ల నుంచి మొదట తీసుకోవాలని టెండరు నిబంధనల్లోనే రాయాలి. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ఖరారయ్యాక అడిగితే లాభం లేదు, ఇప్పుడే అడగాలి.